అమ్మ కళ్ళకు నప్పే గోడ రంగు: విశాఖ ఫ్లాటు పెయింటింగ్ డైరీ

జనవరి, సంక్రాంతి వెళ్ళాక

ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాటులో అద్దెకున్నవాళ్ళు పండగ ముందే ఖాళీ చేశారు. ఇకమీదట అమ్మ ఇక్కడే ఉంటుంది. ఆమె సామాను దిగేలోపు హాలు, డైనింగ్, రెండు పడగ్గదులకు రంగులు పూర్తి చేయించాలి. వంటింటి సంగతి తర్వాత. కాలం కూడా కలిసొచ్చింది. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుతో వెళ్ళిపోతాయి, మార్చి దాటితే మళ్ళీ ఉక్కపోత మొదలవుతుంది. సముద్రానికి ఇంత దగ్గర్లో గోడలు పొడిగా దొరికేది ఈ రెండు నెలలే.

ఇప్పుడు గోడలకున్నది లేత లావెండర్. వెలిసిపోయి మధ్యాహ్నం పూట బూడిద రంగులో కనిపిస్తోంది. నాకు కావలసింది గదిని వెలుతురుగా ఉంచే వెచ్చటి లేత రంగు. చూడగానే పసుపు అనిపించకూడదు, తెల్ల గోడ అని కూడా అనిపించకూడదు. అమ్మకు కుడి కంటి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమ కంటికి ఇంకా చేయించాలి. తెల్ల గోడ మీద ఎండ పడితే ఆమెకు కళ్ళు చెదురుతాయి. అలాగని గోడలు మసగ్గా ఉంటే సాయంత్రం అయ్యేసరికి గడప, స్విచ్ బోర్డు తడుముకోవాల్సి వస్తుంది. ఈ రెండింటి మధ్యలో ఎక్కడో దొరకాలి మా రంగు.

అమ్మ కోరిక వేరే. "సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండాలే" అంది ఫోన్లో. విజయనగరం దగ్గర ఆమె పుట్టింట్లో పండక్కి ముందు గోడలకు సున్నం వేసేవారు, అందులో నీలిమందు కలిపేవారు. సున్నంలో ఉండే పిసరంత పసుపు ఛాయను ఆ నీలం కప్పేస్తుంది. నిజానికి నీలిమందు కలిస్తే గోడ నుంచి తిరిగొచ్చే వెలుతురు కొంచెం తగ్గుతుంది, అయినా కంటికి తెల్లదనం పెరిగినట్టే ఉంటుంది. తెల్లబట్టలకు నీలం పెట్టేదీ ఇందుకే. ఆ నీలి తెలుపును చూస్తూ పెరిగినవాళ్ళకు ఏ వెచ్చటి లేత రంగు చూపించినా ముందు మాసినట్టే కనిపిస్తుంది. అమ్మను మాటలతో ఒప్పించే ఉద్దేశం నాకు లేదు. రంగు వేసి చూపిస్తాను, ఆమే చెప్పాలి.

జనవరి చివరి వారం: గోడలు, తలుపులు

పడమటి పడగ్గదిలో కిటికీ కింద లప్పం పొక్కులొచ్చింది. గీకితే తెల్లటి ఉప్పు పొడి రాలింది. అక్కడ పాలిథిన్ షీటు పెట్టి నాలుగు పక్కలా టేపు వేసి ఒక రాత్రి వదిలేశాం. పొద్దున చూస్తే షీటుకు గోడవైపు నీటి బొట్లు. బయట సజ్జకూ గోడకూ మధ్య సన్నటి పగులుంది, వాన నీళ్ళు దాంట్లోంచే దిగుతున్నాయి. పగులు పూడ్పించి, ఆ గోడ ఆరేదాకా దాన్ని పక్కనపెట్టి మిగతావి మొదలుపెట్టాం. చెమ్మ ఉన్న గోడకు ఎంత మంచి రంగు వేసినా దండగే.

లోపలి తలుపులకు, గ్రిల్స్‌కు పాత ఆయిల్ ఎనామిల్ ఉంది. మన దేశంలో ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎంకు (అంటే పది లక్షల పాళ్ళలో 90కి) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఈ ఎనామిల్ అంతకు చాలా ముందుది, అందులో ఎంత సీసం ఉందో కంటితో చూసి చెప్పలేం. అందుకని పొడిగా రుద్దొద్దు, నీళ్ళు తడిపి ఎమెరీ పేపరు పట్టండి అని మేస్త్రికి చెప్పాను. మాస్కులు తెచ్చిచ్చాను. రాలినదంతా తడిగుడ్డతో ఎత్తి కవర్లో కట్టేశాం. చంటిపిల్లలున్న ఇళ్ళలో ఈ జాగ్రత్త తప్పకుండా తీసుకోవాలి, ఆ దుమ్ము చేతులకంటి నోట్లోకి పోతుంది.

అదే వారం: లైట్లు

రంగు ఎంచుకోవడం బల్బుల దగ్గర మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. లైట్లు తేలకుండా షేడ్ కార్డు పట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

హాల్లో ఉన్న ఎల్ఈడీ ట్యూబుల మీద 6500కె అని ఉంది. కె అంటే కెల్విన్. ఆ అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు వెళ్తుంది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు 2700 దరిదాపుల్లో ఉండేది. తర్వాత వచ్చిన ట్యూబులైట్లతో మన ఇళ్ళు 6500 తెలుపుకు అలవాటు పడిపోయాయి. ఆ వెలుతురులో లేత రంగుల్లోని పసుపు, ఎరుపు ఛాయలు అణిగిపోతాయి, గోడ బూడిదగా తేలుతుంది. అదే గోడను 2700 కింద చూస్తే పగటికంటే రెండింతలు పసుపుగా అనిపిస్తుంది. కాబట్టి తెల్ల ట్యూబులు ఉంచుకునేవాళ్ళు కొంచెం పసుపెక్కువ ఉన్న రంగు తీసుకోవాలి. వెచ్చటి బల్బులు పెట్టుకునేవాళ్ళు కాస్త బూడిద కలిసిన రంగు తీసుకోవాలి. షాపుల్లో ఈ మాట అడిగేవాళ్ళే తక్కువ.

అమ్మ పేపరు చదివేది రాత్రి భోజనాలయ్యాక, హాల్లో. 2700 బల్బు పెట్టి చూపిస్తే "అక్షరాలు ఆనట్లేదే" అంది. అందుకని హాలుకు, డైనింగ్‌కు 4000కె ట్యూబులు, పడగ్గదులకు 3000కె తెచ్చాను. డబ్బా మీద సీఆర్ఐ 90 అని ఉన్నవి ఏరి తీసుకున్నాను. ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత అది, 100 గరిష్ఠం. 80 ఉన్నవాటి కింద ఎరుపు చచ్చుగా ఉంటుంది, మనిషి ముఖం కూడా పాలిపోయినట్టుంటుంది. ధర ఎక్కువే, కానీ అమ్మ కూర్చునే చోట ఈ ఖర్చుకు వెనకాడను.

ఫిబ్రవరి మొదటి వారం: షాపులో

లేత రంగులన్నీ కార్డు మీద ఒకేలా ఉంటాయి. ఏ లేత రంగు కింద ఏ ఛాయ ఉందో తెలియాలంటే అదే వరుసలో అన్నిటికంటే ముదురు రంగు చూడాలి. పైన తెల్లగా అమాయకంగా కనిపించే రంగు కింద ఒక్కోసారి గులాబీ, ఒక్కోసారి ఆకుపచ్చ బయటపడతాయి. గులాబీ ఛాయ ఉన్నవన్నీ అక్కడే తీసేశాను. ఎందుకో తర్వాత రాస్తాను.

రెండో సంగతి ఎల్ఆర్‌వీ. గోడ మీద పడ్డ వెలుతురులో ఎంత తిరిగొస్తుందో చెప్పే అంకె. నలుపుకు 0, పరిపూర్ణమైన తెలుపుకు 100. కార్డు వెనక ఈ అంకె లేకపోతే షాపువాళ్ళ కంప్యూటర్లో ఉంటుంది, అడిగితే చూసి చెబుతారు. 85 దగ్గరకొస్తే అమ్మకు కళ్ళు చెదరడం ఖాయం. 70 కిందికి దిగితే కిటికీ లేని డైనింగ్ పగలు కూడా చీకటిగా ఉంటుంది. 75 నుంచి 80 మధ్య నా వెతుకులాట.

మూడోది ఫార్ములా. మెషిన్‌లో తెల్ల బేస్ మీద ఏ రంగు ఎంత పడుతుందో మూత మీద అంటించే కాగితంలో ఉంటుంది. నాకు నచ్చిన వాటిలో పసుపు ఆక్సైడ్ ఎక్కువ, ఎర్ర ఆక్సైడ్ కొంచెం, నలుపు చుక్కలు మాత్రమే. ఆ కాస్త నలుపే మీగడ రంగును కిందికి లాగి తటస్థంగా ఉంచుతుంది. ఐరన్ ఆక్సైడ్ రంగులు ఎండకు వెలవవు, సిమెంటులోని క్షారాన్ని తట్టుకుంటాయి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు ఆ రంగు తెచ్చిందీ ఐరన్ ఆక్సైడే. తెల్ల బేస్‌కు ప్రాణం టైటానియం డయాక్సైడ్. దాన్ని తీసే ఇల్మెనైట్ ఖనిజం కూడా భీమిలి తీరపు ఇసుకలో ఉంది. మెషిన్ తిరుగుతుంటే ఆ సంగతి గుర్తొచ్చి చెప్పలేనంత సంతోషం కలిగింది. మన గోడ మీద రంగు మన మట్టికి ఇంత దగ్గర చుట్టమని ఎంతమందికి తెలుసు?

చిన్న డబ్బాలు తెచ్చి క, ఖ, గ, ఘ అని పేర్లు పెట్టాను. క దాదాపు తెలుపు, ఎల్ఆర్‌వీ 84. ఖ పసుపు, ఎరుపు ఛాయలు ఎక్కువున్న లేత రంగు, 78. గ అదే కుటుంబం, నలుపు కొంచెం ఎక్కువ, 77. ఘ బూడిద కలిసిన లేత గోధుమ రంగు, 70. ఈ ఘ న్యూజెర్సీలో ఉన్న చెల్లి చెప్పిన రకం. "అక్కా, ఇక్కడ అందరూ ఇదే వేయిస్తున్నారు" అంటూ వాళ్ళ హాలు ఫోటోలు పంపింది. వాళ్ళ హాల్లో అది నిజంగా అందంగా ఉంది.

ఆ తర్వాతి ఆదివారం: బోర్డులు

గోడ మీద నేరుగా పూసి చూడమన్నాడు మేస్త్రి. వద్దన్నాను. పాత లావెండర్ మధ్యలో ఏ వెచ్చటి రంగు పూసినా ఉన్నదానికంటే పసుపుగా కనిపిస్తుంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లోనే వివరంగా రాశాడు. ఆయన పారిస్‌లో గోబెలాఁ తివాచీల కార్ఖానాలో అద్దకం పని చూసేవాడు. నల్ల ఊలు సరిగా నల్లగా లేదని ఫిర్యాదులొస్తే, లోపం ఊలుది కాదు, పక్కన అల్లిన రంగులదని తేల్చింది ఆయనే. మా హాల్లో ఆ నల్ల ఊలు పాత్ర ఈ బోర్డులది.

అందుకని రెండడుగుల హార్డ్‌బోర్డు ముక్కలకు ముందు తెల్ల ప్రైమర్, దానిమీద రెండేసి కోట్లు. తడిగా ఉన్నప్పుడు నాలుగూ లేతగా ఉన్నాయి. "ఆరనీయండమ్మా, ఆరితే ఒక పిసరు ముదురుతాది. రేపు సూద్దుం" అన్నాడు మేస్త్రి. ఆయన అనుభవం నిజమే. ఎమల్షన్లోని జిగురు తడిగా ఉన్నంతసేపు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే పారదర్శకమవుతుంది, అప్పుడు అసలు రంగు బయటికొస్తుంది.

ఇంకో విషయం. బోర్డును బల్ల మీద పడుకోబెట్టి చూడకూడదు. పై నుంచి పడే వెలుతురు దానికి ఎక్కువ అందుతుంది, గోడకు అంత అందదు. గోడకు ఆనించి నిలబెట్టి, కింద నేల, పక్కన తలుపు కలిసి కనిపించేలా చూడాలి. మా నేల పాత మొజాయిక్, లేత మట్టిరంగులో మెరూన్, నలుపు చిప్స్. వీధి తలుపు పాలిష్ చేసిన టేకు. ఆ టేకు పక్కన ఘ సిమెంటు రంగుకు తిరిగింది. 6500 ట్యూబు మళ్ళీ బిగించి చూస్తే ఇంకా దిగులుగా ఉంది. చెల్లి వాళ్ళింట్లో అన్నీ 2700 బల్బులు, ఆ పసుపు వెలుతురుకు ఈ బూడిద చక్కగా సర్దుకుంటుంది. ఇక్కడ దాన్ని పట్టుకునే వెలుతురు లేదు. ఘ పక్కకు పోయింది.

చెల్లికి ఫోటోలు పంపితే నాలుగూ తేడా తెలియడం లేదంది. ఫోన్ కెమెరా ప్రతి ఫోటోలో తెలుపును తనంతట తానే సరిచేసుకుంటుంది, అందువల్ల రంగులన్నీ ఒకదాని దగ్గరికొకటి వచ్చేస్తాయి. పక్కన తెల్ల కాగితం పెట్టి తీయమని సలహా ఇచ్చింది. ప్రింటర్ కాగితంలో తెల్లదనం కోసం మెరుపు రసాయనాలు కలుపుతారు, అది నీలిమందు పెట్టిన తెలుపే, దాని పక్కన అన్నీ పసుపే. ఫోటోలు మానేసి రోజులో వేరు వేరు వేళల్లో కళ్ళతోనే చూశాం.

పొద్దునపూట ఒక విశేషం జరుగుతుంది. హాలు కిటికీ పడమరకు ఉంది, ఎదురుగా ఉన్న అపార్టుమెంటుకు కిందటేడు నారింజ కలిసిన గులాబీ రంగు వేశారు. తొమ్మిది గంటల ఎండ ఆ గోడ మీద పడి, ఆ గులాబీ వెలుతురంతా మా హాల్లోకి వస్తుంది. షాపులోనే గులాబీ ఛాయలు తీసేసింది ఇందుకే. ఉన్న గులాబీకి ఇంకో గులాబీ తోడైతే పొద్దున హాలు ఎర్రబడిపోతుంది. గ లోని ఆ కాస్త నలుపు ఈ గులాబీని మింగేసి మామూలుగా ఉంచింది. ఖ మాత్రం పొద్దున కాషాయం వైపు పోయింది.

అమ్మ వచ్చి చూసిన రోజు

తమ్ముడు అమ్మను తీసుకొచ్చాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, కిటికీ పక్క గోడకు బోర్డులు నిలబెట్టాను. క మీద ఎండ పడగానే తల తిప్పేసుకుంది. గ చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్కో కన్ను మూసి చూడమన్నాను.

ఎడమ కంటితో చూసి, "ఇది పసుపేనే, పాత గుడ్డలా ఉంది" అంది. కుడి కంటితో చూడగానే ముఖం మారిపోయింది. "ఈ కంటికి తెల్లగా ఉందే! మా అమ్మ వాళ్ళింట్లో సున్నం గోడలా ఉంది."

వయసు మీద పడేకొద్దీ కంటిలోని కటకం పసుపెక్కుతుంది. శుక్లం వచ్చిన కంట్లో ఆ పసుపు ఇంకా ఎక్కువ, నీలాన్ని చాలావరకు అది లోపలికి రానివ్వదు. ఆపరేషన్లో దాన్ని తీసేసి కొత్త లెన్సు పెట్టాక నీలం మళ్ళీ లోపలికొస్తుంది. చాలామందికి ఆపరేషన్ తర్వాత తెలుపులు నీలంగా మెరిసినట్టు అనిపించేది ఇందుకే. అమ్మకు ఇప్పుడు రెండు కళ్ళూ రెండు రంగులు చూపిస్తున్నాయి. ఎడమ కంటికి కూడా ఆపరేషన్ అయ్యాక అదీ కుడి కంటి దారికే వస్తుంది. కాబట్టి కుడి కన్ను చెప్పిందే తీర్పు. ఎండ పడ్డప్పుడు గ ఆమెను ఇబ్బంది పెట్టలేదు, నీడలో చీకటిగానూ లేదు.

"మీకు నచ్చిందా అమ్మగారూ?" అని మేస్త్రి అడిగాడు. "ఇదే వెయ్యి బాబూ" అంది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆమెకు నచ్చిన రంగు ఆమె కళ్ళకూ నప్పడం నాకు చాలా పెద్ద విషయం.

ఫిబ్రవరి మూడో వారం: ఉత్తరపు గది, లెక్కలు

అమ్మ పడుకునేది ఉత్తరపు గదిలో. అక్కడ గ పెట్టి చూస్తే హాల్లో ఉన్న వెచ్చదనం లేదు. చలికాలంలో ఉత్తరపు కిటికీకి ఎండ రాదు, ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుతురే వస్తుంది. విశాఖలో మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపుంటాడు కాబట్టి వేసవిలో ఈ గదికీ కొంచెం ఎండ తగులుతుంది. మిగతా ఏడాదంతా దాదాపు చల్లటి వెలుతురే. అందుకని ఈ గదికి ఖ వేయాలని తేల్చాను. హాల్లో కాషాయం వైపు పోయిన ఖ ఇక్కడ నిలబెడితే హాల్లోని గ లాగే కనిపిస్తోంది. ఇల్లంతా ఒకే రంగులా ఉండాలంటే ఒక్కోసారి రెండు డబ్బాలు కొనాలి.

గోడలు తలుపులు, కిటికీలు తీసేస్తే 1,450 చదరపు అడుగుల దాకా ఉన్నాయి, అందులో ఉత్తరపు గది 360. ఈ రకం ఎమల్షన్ లీటరుకు రెండు కోట్లలో 120 అడుగులు వస్తుందని లెక్క. గ 10 లీటర్లు, ఖ 4 లీటర్లు తీసుకున్నాం. గ ఒకే బకెట్లో రావాలని పట్టుబట్టాను. రెండు బకెట్లు కొనాల్సొస్తే వాటిని పెద్ద డ్రమ్ములో కలిపేశాకే మొదలుపెట్టాలి, లేకపోతే ఒక గోడ సగంలో తేడా కనిపించే ప్రమాదముంది.

సీలింగుకు మామూలు చల్లటి తెలుపు వేస్తే దాని పక్కన గోడ పసుపెక్కి కనిపిస్తుంది, అదే షెవ్రూల్ సూత్రం. గ ఫార్ములాను సగం మోతాదులో కలిపించి సీలింగుకు వేశాం. గోడలకు మెరుపు లేని మ్యాట్ తీసుకున్నాను. కిటికీ పక్కనుంచి ఏటవాలుగా పడే వెలుతురుకు, మెరుపున్న రంగు అయితే లప్పంలోని ప్రతి ఎత్తుపల్లాన్నీ చూపిస్తుంది. తలుపులకు నీళ్ళతో కలిపే ఎనామిల్. ఆయిల్ ఎనామిల్ తెలుపు కాలం గడిచేకొద్దీ, ముఖ్యంగా వెలుతురు తగలని చోట, పసుపెక్కుతుంది. గుమ్మాల చట్రాలు మాత్రం ముదురు గోధుమ రంగు. అమ్మకు దూరం నుంచే ద్వారం ఎక్కడుందో తెలియాలి. స్విచ్ బోర్డుల చుట్టూ కూడా సన్నటి ముదురు పట్టీ గీయించాను.

ఫిబ్రవరి చివర: రెండో కోటు తర్వాత

మొదటి కోటు అయ్యాక హాలు అనుకున్నదానికంటే ముదురుగా అనిపించింది. నాలుగు గోడలూ ఒకదాని రంగు ఒకదాని మీద విసురుకుంటాయి, అందువల్ల చిన్న బోర్డు మీదకంటే గదిలో రంగు చిక్కబడుతుంది. ఆ చిక్కదనం లెక్కలోకి తీసుకునే ఇంత లేత రంగు ఎంచుకున్నాను, అయినా ఆ సాయంత్రం కాస్త టెన్షన్ పడ్డాను. నాలుగు గంటలు ఆగి రెండో కోటు వేశారు. అది పూర్తిగా ఆరి, నేల మీద పరిచిన పాత పేపర్లు తీసేశాక మొజాయిక్ వెలుతురు కూడా కలిసి గోడ తన అసలు స్థితికొచ్చింది. పొద్దున ఎదురింటి గులాబీ వచ్చినా హాలు ప్రశాంతంగా ఉంటోంది. రాత్రి 4000 ట్యూబుల కింద శుభ్రమైన లేత రంగు, బూడిద జాడ లేదు.

పడమటి గదిలో పక్కనపెట్టిన గోడకు పాలిథిన్ పరీక్ష మళ్ళీ చేశాం. బొట్లు లేవు. వచ్చే వారం లప్పం, ప్రైమర్, ఆ పైన కోట్లు.

మిగిలిన గ, ఖ రంగులను గాజు సీసాల్లో పోసి గట్టిగా మూతలు బిగించి, మీద గది పేరు, కొన్న తేదీ, బ్యాచ్ నంబరు రాశాను. ఫార్ములా కాగితాలను ఫోటో తీసి తమ్ముడికీ చెల్లికీ పంపాను. వంటింటికి నూనె జిడ్డు తుడిస్తే పోయే కడగదగ్గ రకం కావాలి, టైల్స్ లేత ఆకుపచ్చ, కాబట్టి అక్కడికి గ పనికిరాదు. చిమ్నీ బిగించడం అయ్యాక కొత్త బోర్డులతో మళ్ళీ మొదలుపెట్టాలి.